కిడ్నీలో ధారను చూసే కెమెరా

రెండు కిడ్నీల్లో ఒకటి పూర్తిగా పని మానేసినా రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగానే రావచ్చు. రెండోది ఆ బరువంతా తన నెత్తిన వేసుకుంటుంది. మూత్రం రోజూ వచ్చినట్టే వస్తుంది, ఒంట్లో నీరు చేరదు, మనిషి డ్యూటీకి పోయి వస్తూనే ఉంటాడు. రెండు కిడ్నీల మొత్తం శక్తిలో దాదాపు సగం పోయేదాకా చాలామందిలో క్రియాటినిన్ గీత దాటదు. అందుకే "రక్తపరీక్ష బాగానే ఉంది, ఇక కిడ్నీలకు ఢోకా లేదు" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. ఆ రిపోర్టు రెండు కిడ్నీలూ కలిసి చేసిన పనిని చెబుతుంది. ఏది ఎంత చేసిందో చెప్పదు.

గోదావరిఖని, రామగుండం వైపు ఉండేవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో ఎండలు ముదిరాయన్నప్పుడల్లా రామగుండం పేరు వినిపిస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో ఓపెన్‌కాస్ట్ గనిలో నల్లటి బొగ్గు కాలిపోతుంటే దాని పక్కన నిలబడి చేసే పని ఉంటుంది. భూగర్భ గనిలో ఎండ ఉండదు గానీ ఉక్క ఉంటుంది, చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట ఉంటుంది. చెమటలో పోయినంత నీరు మళ్లీ కడుపులో పడకపోతే మూత్రం చిక్కబడుతుంది. అందులో కరిగి ఉండాల్సిన కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం గింజకట్టి రాళ్లవుతాయి. వేడి ప్రదేశాల్లో ఒంటి కష్టం చేసేవాళ్లకు కిడ్నీ రాళ్ల బెడద ఎక్కువని చాలా దేశాల్లో గమనించారు.

రాయి మూత్రనాళంలో ఇరుక్కున్నప్పుడు వచ్చే నొప్పి మనిషిని మెలిపెట్టేస్తుంది. సూది పడుతుంది, తగ్గుతుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. దారి మూసుకుపోయిన కిడ్నీ కొన్నాళ్లకు మూత్రం తయారుచేయడమే తగ్గించుకుంటుంది. లోపలి ఒత్తిడి తగ్గుతుంది, దానితోపాటే నొప్పీ తగ్గుతుంది. రాయి పడిపోయిందనుకుంటాం. రాయి అక్కడే ఉంటుంది, లోపల కిడ్నీ మాత్రం క్షీణిస్తుంటుంది. కుక్కల మీద చేసిన పాత ప్రయోగాలు ఈ క్షీణతకు ఒక లెక్క చెప్పాయి. నాళాన్ని పూర్తిగా కట్టేసి వారంలోగా విప్పితే కిడ్నీ పూర్తిగా కోలుకుంది. 2 వారాలకు విప్పితే 70 శాతం దాకా, 4 వారాలకు విప్పితే 30 శాతం దాకా పని తిరిగి వచ్చింది. 6 వారాలు దాటాక దాదాపు ఏమీ రాలేదు. మనుషుల్లో అడ్డు చాలాసార్లు పూర్తిగా ఉండదు కాబట్టి గడువు అంత కచ్చితంగా ఉండదు. కానీ గడువంటూ ఒకటుందని మాత్రం మరిచిపోకూడదు.

అల్ట్రాసౌండ్ చేయిస్తే "కిడ్నీకి వాపు ఉంది" అని వస్తుంది. సీటీ చేయిస్తే రాయి ఎక్కడుందో, ఎన్ని మిల్లీమీటర్లుందో తెలుస్తుంది. రెండూ అవసరమే. అయితే ఉబ్బిన కిడ్నీలన్నింటికీ అడ్డు ఉండదు. ఎప్పుడో చిన్నప్పుడు సాగిపోయి, ఇప్పుడు దారి బాగానే ఉన్నా అదే ఆకారంలో మిగిలిపోయిన కిడ్నీలుంటాయి. కొంచెమే ఉబ్బినట్టు కనబడుతూ లోపల ఊపిరాడని కిడ్నీలూ ఉంటాయి. బొగ్గు బాయిలో పనిచేసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. సర్వే ఆఫీసులో గోడకున్న ప్లానులో లెవెళ్లు, డిప్పులు, ఎయిర్ డోర్లు అన్నీ గీసి ఉంటాయి. దారి ఉందని ప్లాను చెబుతుంది. ఆ దారిలో గాలి ఆడుతోందా లేదా అన్నది మాత్రం వెంటిలేషన్ చూసేవాళ్లు ఎనిమోమీటరు పట్టుకుని దిగితేనే తెలుస్తుంది. గాలి మరీ నెమ్మదిగా ఉన్నచోట కాస్త పొగ వదిలి అది ఎటు పోతోందో, ఎంతసేపట్లో పోతోందో చూస్తారు. న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ చేసేదీ ఇదే. రక్తంలోకి కొద్దిగా 'పొగ' వదిలి, అది కిడ్నీలోకి ఎంత వచ్చింది, ఎంతసేపట్లో బయటికి పోయింది అని బయటి నుంచి చూస్తారు.

ఆ పొగ టెక్నీషియం-99ఎం అనే రేడియో ధార్మిక పదార్థం. దానిని కిడ్నీ పట్టుకునే ఒక రసాయనానికి తగిలిస్తారు. డీటీపీఏ అనే రసాయనానికి తగిలిస్తే కిడ్నీలోని వడపోత గుత్తులు దాన్ని మూత్రంలోకి వడగడతాయి. రక్తం కిడ్నీ గుండా ఒక్కసారి పోయినప్పుడు అందులోని డీటీపీఏలో సుమారు 20 శాతం బయటపడుతుంది. ఈసీ అనే ఇంకో రసాయనాన్ని కిడ్నీ నాళికలు రక్తంలోంచి చురుగ్గా లాగి మూత్రంలోకి నెడతాయి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఈసీతో బొమ్మ తేటగా వస్తుంది కాబట్టి మన దేశంలో దీని వాడకం బాగా ఉంది. డాక్టరు చీటీ మీద "డీటీపీఏ రీనోగ్రామ్" అనో "ఈసీ రీనాల్ స్కాన్" అనో రాసేది ఈ పరీక్షలనే.

ఈ పరీక్ష పరగడుపున చేయించుకునేది కాదు. చాలామంది స్కాన్ అనగానే ముందు రాత్రి నుంచి ఏమీ తినక, నీళ్లు కూడా ముట్టక పోతారు. దీనికి ఆ ఉపవాసమే చేటు. ఒంట్లో నీరు తక్కువగా ఉంటే మంచి కిడ్నీ కూడా నెమ్మదిగా వదులుతుంది, రిపోర్టులో అడ్డు ఉన్నట్టు కనబడుతుంది. అరగంట ముందు అర లీటరు దాకా నీళ్లు తాగిస్తారు, బల్ల ఎక్కే ముందు మూత్రానికి పోయి రమ్మంటారు.

బల్ల మీద మాటలు దాదాపు ఇలా ఉంటాయి.

"బాపూ, నీళ్లు మంచిగ తాగినవా?"

"రెండు సీసలు తాగిన బిడ్డా. గీ సూదితోని కరెంటు పెడ్తరా ఏంది?"

"కరెంటు లేదు, మంట లేదు. ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు కదలకుండ పండుకోవాలె, గంతే."

కెమెరా పెద్దాయన వీపు కింద ఉంటుంది, ఎందుకంటే కిడ్నీలు వెన్నుకు దగ్గరగా ఉంటాయి. కెమెరా నుంచి ఆయనలోకి ఏ కిరణమూ పోదు. ఆయన ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలను అది పట్టుకుంటుంది. ముందు సీసపు పలకలోని సన్నటి రంధ్రాల గుండా నిటారుగా వచ్చినవి మాత్రమే లోపలికి చేరతాయి. అవతల సోడియం అయోడైడ్ స్ఫటికం ఉంటుంది. కిరణం తగిలినప్పుడల్లా అది మినుక్కుమంటుంది. ఆ మినుకు ఎక్కడ పడిందో వెనకనున్న గొట్టాలు లెక్కగట్టి తెర మీద ఒక చుక్క పెడతాయి. అమెరికాలోని బర్కిలీలో హాల్ యాంగర్ 1950ల చివర్లో తయారుచేసిన కెమెరాకు ఇప్పటికీ అస్థిపంజరం ఇదే.

మందు చేతి సిరలోకి పోయిన తొలి నిమిషంలోనే గుండె, పెద్ద రక్తనాళం, కిడ్నీలు వరసగా తెర మీద మెరుస్తాయి. ఆ తరవాత కంప్యూటరు ఒక్కో కిడ్నీకి ఒక్కో గీత గీస్తుంది. బాగున్న కిడ్నీ గీత 3 నుంచి 5 నిమిషాల్లో శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి దిగడం మొదలుపెడుతుంది. దిగకుండా పైపైకి పోతూనే ఉంటే అనుమానించాలి. అప్పుడు లాసిక్స్ సూది వేస్తారు. అది కిడ్నీలోకి ఒక్కసారిగా వరద వదిలినట్టు మూత్రాన్ని పెంచుతుంది. ఉబ్బు మాత్రమే ఉండి అడ్డు లేకపోతే నిలిచినదంతా కొట్టుకుపోతుంది. అడ్డు ఉంటే ఎంత వరద వచ్చినా గీత కదలదు. నిలిచినదాంట్లో సగం ఖాళీ కావడానికి 10 నిమిషాల లోపు పడితే దారి బాగున్నట్టు. 20 నిమిషాలు దాటితే అడ్డు ఉన్నట్టు. మధ్యలో పడినవి మధ్యలోనే ఉంటాయి. అక్కడ డాక్టరు రోగిని, పాత రిపోర్టులను చూసి తేల్చాలి.

ఈ రిపోర్టులో నేను అన్నిటికంటే విలువైనదనుకునే అంకె ఒకటుంది: ఎడమ ఎంత శాతం, కుడి ఎంత శాతం. ఉదాహరణకు ఎడమ 18, కుడి 82 అని వస్తే ఎడమది పెద్ద దెబ్బే తిన్నట్టు. అయినా కాపాడుకోదగ్గదే. 10 శాతం కంటే తక్కువ పని మాత్రమే మిగిలిన కిడ్నీకి పెద్ద ఆపరేషన్ చేసి దారి సరిచేయడం దండగని, చీము, బీపీ లాంటి బాధలు పెడుతుంటే తీసేయడమే మేలని పెద్దవాళ్ల విషయంలో చాలామంది సర్జన్లు అనుకుంటారు. కానీ అడ్డు ఉండగా తీసిన ఒక్క స్కాన్ చూసి కిడ్నీ తీసేయకూడదు. ముందు స్టెంటు వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో దారి ఇచ్చి, కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ చేయాలి. ఊపిరి తీసుకునే వీలు దొరికాక 8 శాతం నుంచి 20కి లేచి వచ్చే కిడ్నీలుంటాయి. అలా లేచాక దాని మీద నిర్ణయం మారిపోతుంది.

అదే రిపోర్టులో కిడ్నీల వడపోత వేగాన్ని చెప్పే "జీఎఫ్ఆర్" అంకెను మాత్రం అంతగా పట్టుకు వేలాడక్కర్లేదు. 1980ల మొదట్లో గేట్స్ అనే వైద్యుడు చూపిన పద్ధతిలో కెమెరా లెక్కించే అంకె అది. సూదిలో మందు ఎంత ఉంది, కిడ్నీ చర్మానికి ఎంత లోతున ఉంది, కంప్యూటరు మీద కిడ్నీ చుట్టూ గీసిన గీత ఎంత సరిగ్గా ఉంది అన్నవాటిని బట్టి అది అటూ ఇటూ అవుతుంది. రెండు చోట్ల చేయించిన రెండు స్కాన్లలో జీఎఫ్ఆర్ 5, 10 తేడా వచ్చిందని కంగారు పడేవాళ్లుంటారు. ఆ తేడాలో కిడ్నీ తప్పు ఏమీ ఉండకపోవచ్చు. రక్తం నమూనాలు తీసి లెక్కిస్తే అంకె ఇంకా నికరంగా ఉంటుంది. కిడ్నీ దానం చేయబోయేవాళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఎంత తీసుకున్నా ఎక్కువ కాదు, ఎందుకంటే ఏ కిడ్నీ ఇవ్వాలో, ఏది ఉంచుకోవాలో తేలేది ఈ పరీక్షలతోనే.

పిల్లల సంగతి వేరు. జ్వరం, మూత్రంలో మంట మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకు డీఎంఎస్ఏ అనే ఇంకో స్కాన్ చేస్తారు. ఈ మందు మూత్రంలోకి తొందరగా పోదు, కిడ్నీ పై పొరకు అతుక్కుని ఉంటుంది. సూది వేసిన 2, 3 గంటలకు బొమ్మ తీస్తారు. ఇన్ఫెక్షన్ తిన్నచోట కిడ్నీ అంచు కొరికినట్టు కనబడుతుంది. అది మచ్చ అయితే ఇక పోదు. పెద్దయ్యాక చిన్న వయసులోనే బీపీ రావడానికి కొందరిలో ఆ మచ్చే మూలం. మచ్చ ఉందని చిన్నప్పుడే తెలిస్తే ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా కాపు కాయవచ్చు.

"రేడియో ధార్మికం" అన్న మాటకు బెదరడం సహజం. అందుకే సూదిలో ఉండేది ఎంతో చెబుతాను. రీనాల్ స్కాన్‌కు మామూలుగా ఇచ్చే మోతాదులో టెక్నీషియం బరువు ఒక గ్రాములో వందకోట్ల వంతు ఉంటుంది. దానితో కిడ్నీకి భారం ఉండదు. సీటీలో వేసే అయోడిన్ మందుతో కొందరికి వచ్చే ఇబ్బంది దీనితో రాదు. టెక్నీషియం 6 గంటలకు సగమవుతుంది, ఇంకో 6 గంటలకు ఆ సగంలో సగం. మూత్రంలో పోయేది పోగా ఒక్క రోజుకు ఒంట్లో మిగిలేది లెక్కలోకి రానంత. రీనాల్ స్కాన్‌తో ఒంటికి తగిలేది సుమారు 1, 2 మిల్లీసీవర్టులు. పొట్ట సీటీ స్కాన్‌తో 8, 10 దాకా తగలవచ్చు. ఏ పరీక్షా చేయించుకోకుండా ఊరికే ఈ భూమ్మీద ఉన్నందుకే నేల, రాయి, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 తగులుతుంది. గర్భవతులైతే, గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా, పాలిచ్చే తల్లులైతే ముందే చెప్పాలి. మిగతావాళ్లు ఆ పూట నీళ్లు ఎక్కువ తాగి, మూత్రం ఆపుకోకుండా పోతే చాలు.

ఆ 6 గంటలే ఈ శాస్త్రానికి వరం, చిక్కు కూడా. టెక్నీషియం భూమిలో తవ్వి తీసే లోహం కాదు. 1937లో ఇటలీలోని పాలెర్మోలో పెరియే, సెగ్రే అనే శాస్త్రవేత్తలు, అమెరికా నుంచి వచ్చిన ఒక మోలిబ్డినం రేకులో దీన్ని కనిపెట్టారు. బర్కిలీ సైక్లోట్రాన్‌లో వాడి తీసేసిన రేకు అది. మనిషి చేతుల మీదుగా పుట్టిన తొలి మూలకం ఇదే. తయారైన చోటు నుంచి ఆసుపత్రికి తెచ్చేలోపే కరిగిపోయే వస్తువును దూరాలకు ఎలా పంపాలి? 1950ల చివర్లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో దీనికి దారి దొరికింది. టెక్నీషియాన్ని పంపకుండా దాన్ని కనే మోలిబ్డినం-99ను పంపారు. మోలిబ్డినం 66 గంటలకు సగమవుతూ రోజూ కొత్త టెక్నీషియాన్ని ఇస్తుంటుంది. సీసపు గుండు లోపల అల్యూమినా గొట్టానికి మోలిబ్డినం అంటుకుని ఉంటుంది. సెలైన్ పోస్తే టెక్నీషియం ఒక్కటే కడుక్కుని దిగుతుంది. జనరేటరు అనే ఈ పరికరాన్ని రోజూ పొద్దున్నే పితుకుతారు, సిబ్బంది ఆ మాటే వాడతారు. వారం తిరిగేసరికి మోలిబ్డినం మొదటిదానిలో 17 శాతమే మిగులుతుంది, కొత్త జనరేటరు రావాలి.

మన దేశంలో కొన్ని దశాబ్దాల పాటు ఇది ఇంకో రూపంలో నడిచింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం రియాక్టర్లలో మామూలు మోలిబ్డినాన్ని న్యూట్రాన్లతో కొట్టి తయారుచేస్తే, పనికొచ్చే మోలిబ్డినం-99 చాలా కొంచెంగా, పనికిరాని మోలిబ్డినం ఎక్కువగా ఉండేది. అంత సరుకు చిన్న అల్యూమినా గొట్టానికి పట్టదు. కాబట్టి ద్రావణాన్నే ఆసుపత్రులకు పంపేవారు. అక్కడ దాన్ని మిథైల్ ఇథైల్ కీటోన్‌తో కలిపి కుదిపితే టెక్నీషియం పైపొరలోకి వచ్చేది. ఆ పొరను ఆవిరిచేసి, అడుగున మిగిలినదాన్ని సెలైన్‌లో కలిపి సూదికి ఎక్కించేవారు. పెద్ద హంగులేవీ లేకుండా ఉన్నదానితో నడిపిన ఆ పద్ధతిని నేను తక్కువ చేసి చూడను. ఎందరో రోగులకు అదే ఆధారమైంది.

ఇంత చెప్పి మన గోదావరి సంగతి వదిలేస్తే న్యాయం కాదు. ట్రాంబేలోని ఆ రియాక్టర్లలో, 1985లో మొదలైన ధ్రువ నడవాలంటే భారజలం కావాలి. మన దేశంలో భారజలం తయారయ్యే కర్మాగారాల్లో ఒకటి సింగరేణి బొగ్గు గనుల పట్టీలోనే, మణుగూరు దగ్గర అశ్వాపురంలో, గోదావరి ఒడ్డున ఉంది. 1991 నుంచి పనిచేస్తోంది. మామూలు నీటిలో హైడ్రోజన్ పరమాణువులు 6,500 ఉంటే అందులో సుమారు ఒక్కటి బరువైనది. ఆ ఒక్కదాన్ని ఏరడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో నీటిని వేడిగా ఒకసారి, చల్లగా ఒకసారి కలిపి, అదే పని వరస కట్టి చేయాలి. దీనికి ఆవిరి, కరెంటు విపరీతంగా కావాలి. అది సింగరేణి బొగ్గుతోనే వస్తుంది. రామగుండం పక్క నుంచి పారిన గోదావరే మంథని, కాళేశ్వరం దాటి ఆ కర్మాగారం దాకా పోతుంది. భారజలంతో పాటు అక్కడ ఆక్సిజన్-18 ఎక్కువగా ఉండే నీటినీ తయారుచేస్తున్నారు. మామూలు నీటిలో 500కు ఒక్కటిగా ఉండే ఆ బరువైన ఆక్సిజన్‌ను కూడబెట్టిన నీటిని సైక్లోట్రాన్‌లో ప్రోటాన్లతో కొడితే ఫ్లోరిన్-18 వస్తుంది. దాన్ని చక్కెర లాంటి పదార్థానికి తగిలించి ఇస్తే అది పెట్ స్కాన్. అన్నవాహిక, పేగు క్యాన్సర్లు ఎంతదాకా పాకాయో చూడడానికి ఇది వాడతారు. అసలు చక్కెరనైతే కిడ్నీ వడగట్టాక మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటుంది. ఈ మారు చక్కెరను లాక్కోలేక మూత్రంలోకి వదిలేస్తుంది. అందుకే పెట్ బొమ్మలో మూత్రాశయం దీపంలా వెలుగుతుంటుంది, దాని పక్కనున్న చిన్న గడ్డ ఆ వెలుగులో దాగిపోతుంది. అలాంటప్పుడు లాసిక్స్ ఇచ్చి, మూత్రం పోయించి మళ్లీ తీస్తారు.

ఈ మొత్తం విద్యకు మూలపురుషుడు హంగేరీలో పుట్టిన జార్జ్ డి హెవెసీ. రేడియో ధార్మిక పదార్థాన్ని జాడ తీయడానికి వాడవచ్చని చూపినందుకు ఆయనకు 1943 నోబెల్ బహుమతి వచ్చింది. 1911 ప్రాంతంలో మాంచెస్టర్‌లో ఉన్నప్పుడు తాను దిగిన ఇంట్లో మిగిలిన మాంసాన్నే మర్నాడు మళ్లీ వండి పెడుతున్నారని ఆయనకు అనుమానమట. ఒకరోజు తాను తినగా మిగిలిన ముక్కలో రవ్వంత రేడియో ధార్మిక పదార్థం కలిపి వదిలాడు. కొన్ని రోజులకు వడ్డించిన వంటకం దగ్గర పరికరం పెడితే ముల్లు కదిలిందట. తిండిలో గుర్తు పెట్టి అది ఎక్కడ తేలుతుందో చూడడం అక్కడ మొదలైంది. జీర్ణకోశం స్కాన్లు ఇప్పటికీ చేసేది అదే.

జీర్ణాశయం ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చూసే పరీక్షలో రోగికి గుర్తు కలిపిన ఆహారం పెడతారు. పశ్చిమ దేశాల్లో గుడ్డు తెల్లసొన పెట్టిన బ్రెడ్డు ఇస్తారు. మన దక్షిణాది ఆసుపత్రులు కొన్ని ఇడ్లీ ఇస్తాయి. పిండిలోనే టెక్నీషియం కలిపి ఆవిరి మీద ఉడికిస్తే గుర్తు ఇడ్లీని అంటుకుని ఉంటుంది, విడిపోయి నీళ్లతో పాటు ముందే జారిపోదు. తిన్నాక 4 గంటల వరకు మధ్యమధ్య బొమ్మలు తీస్తారు. తెల్లసొన బ్రెడ్డు పరీక్షలో 4 గంటలకు 10 శాతం కంటే ఎక్కువ మిగిలితే కడుపు బద్ధకించినట్టు. ఇడ్లీకి దాని హద్దులు దానికి ఉండాలి, ఒకదాని హద్దుతో ఇంకోదాన్ని తూచకూడదు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో కొందరికి కడుపును నడిపే నరం దెబ్బతింటుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో వస్తుంది. ఇన్సులిన్ వేసుకున్నా తిండి ఇంకా పేగులోకి దిగకపోవడంతో షుగరు ముందు పడిపోతుంది, తరవాత పెరిగిపోతుంది. ఎండోస్కోపీలో పుండు లేదు, గడ్డ లేదు, అంతా బాగుందని వస్తుంది. కడుపు కదలికను ఎండోస్కోపీ చూడదు కాబట్టి ఆ రిపోర్టు తప్పు కాదు, కానీ అక్కడితో ఆగకూడదు.

మలంలో రక్తం పోతూ, పైనుంచీ కిందనుంచీ గొట్టం వేసి చూసినా జాగా దొరకనప్పుడు రోగి ఎర్రకణాలకే టెక్నీషియం తగిలిస్తారు. ముందు తగరపు లవణం ఇస్తే అది కణాల్లోకి చేరి, వెనక వచ్చిన టెక్నీషియాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. ఆ కణాలు రోజంతా ఒంట్లో తిరుగుతూ, ఎక్కడ రక్తం కారితే అక్కడ కుప్పపడతాయి. నిమిషానికి 0.1 మిల్లీలీటరు కారినా కనబడుతుంది. రక్తనాళంలోకి రంగు వదిలి తీసే యాంజియోగ్రామ్‌కు దానికి అయిదు, పది రెట్లు కారితే గానీ పట్టుబడదు. పేగు రక్తస్రావం ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది కాబట్టి 24 గంటల దాకా మళ్లీ మళ్లీ బొమ్మ తీసే వీలుండడం దీని బలం. ఏ పేగు మడతలో అన్నది మాత్రం ఇంచు లెక్కన చెప్పలేదు, ఉజ్జాయింపుగానే చూపుతుంది. పిల్లల్లో నొప్పి లేకుండా రక్తం పడితే మెకెల్స్ స్కాన్ చేస్తారు. నూటికి ఇద్దరిలో పుట్టుకతో చిన్నపేగుకు ఒక తిత్తి ఉంటుంది, కొందరిలో ఆ తిత్తి లోపల జీర్ణాశయపు పొర పెరిగి ఆమ్లం కార్చి పుండు చేస్తుంది. ఒట్టి టెక్నీషియాన్ని ఆ పొర పీల్చుకుని మెరుస్తుంది.

కాలేయం, పిత్తాశయాలకు హైడా స్కాన్ ఉంది. మెబ్రోఫెనిన్ అనే మందును కాలేయం రక్తంలోంచి లాగి పిత్తరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. పిత్తాశయం తీసేశాక కడుపునొప్పి, జ్వరం వస్తే రసం ఎక్కడైనా కారుతోందేమో ఇది చూపుతుంది.

దీని అసలు అవసరం పసిపిల్లలకు. పుట్టిన బిడ్డకు కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, మలం పసుపుగా కాక సుద్దలా తెల్లగా వస్తుంటే, మూత్రం గుడ్డకు పసుపు మరక వేస్తుంటే ఎదురుచూడకూడదు, పసరు పోయించకూడదు. పిత్తనాళాలు మూసుకుపోయి పుట్టిన బిడ్డ కావచ్చు. కాలేయానికి పేగును నేరుగా కలిపే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది, ఆ తరవాత రోజురోజుకూ అవకాశం తగ్గుతుంది. హైడా స్కాన్‌లో మందు 24 గంటల లోపు పేగులో కనబడితే ఆ జబ్బు లేనట్టే. కనబడకపోతే అది ఉన్నట్టని తేలిపోదు, కాలేయం బాగా వాచినా మందు దిగదు. ఆ అయోమయం తగ్గడానికే స్కాన్‌కు ముందు 5 రోజులు ఫినోబార్బిటోన్ మందు పోయిస్తారు. ఈ 5 రోజుల సంగతి తెలియక గోదావరిఖని నుంచి హైదరాబాద్ దాకా సుమారు 220 కిలోమీటర్లు బిడ్డను ఎత్తుకుపోయి, మందు వేసి మళ్లీ రమ్మంటే తిరిగివస్తే వారం పోతుంది. 60 రోజుల లెక్కలో వారం చాలా పెద్దది. స్కాన్ తేదీ ఫోన్‌లో ఖాయం చేసుకుని, పిల్లల డాక్టరు చేత ఆ మందు గోదావరిఖనిలోనే మొదలుపెట్టించి, ఆరో రోజున రైలెక్కితే ఆ వారం మిగులుతుంది. బయల్దేరేటప్పుడు బిడ్డ మలం రంగును నాలుగైదు రోజులవి ఫోటోలు తీసి పెట్టుకోవాలి. అక్కడ డాక్టరు మొదట అడిగేది అదే.